పాలు లేని పసుపు స్మూతీ: మన మిక్సీలో, మన పసుపుతో

పండ్లు, కూరగాయలు, కాస్త కొబ్బరి, పసుపు. పాలు, పెరుగు, తేనె ఏవీ లేకుండా వీటితో స్మూతీ చేయడం ఏమంత పని కాదు. తాగినవాళ్లు రేపు కూడా కావాలని అడిగేలా చేయడమే పని. డబ్బాలోంచి పసుపు తీసి అరటిపండు ముక్కల మీద చల్లి మిక్సీ తిప్పేస్తే మట్టివాసన కొడుతుంది, నాలుక వెనక చేదు తగులుతుంది, గ్లాసు అడుగున పసుపు మడ్డి మిగులుతుంది. ఆ చేదు పోవడానికి రెండు ఖర్జూరాలు, ఇంకో అరటిపండు వేసుకుంటూ పోతే చివరికి అది పాయసం అవుతుంది.

పప్పులో వేసినా పోపులో వేసినా పసుపుకు మన వంటింట్లో వేడి తగులుతుంది, నూనె తగులుతుంది. స్మూతీలోనూ అదే పద్ధతి. ముందు పసుపును నీళ్లలో ఉడికించి, కొబ్బరినూనె, మిరియాల పొడి కలిపి ముద్ద చేసి పెట్టుకోవాలి. ఆ ముద్ద ఫ్రిజ్‌లో ఉంటే మిగతాదంతా పొద్దున్నే చకచకా అయిపోతుంది. కింద చెప్పిన కొలతలు ఇద్దరికి, అంటే రెండు పెద్ద గ్లాసులకు. బెంగళూరులో ఏ కాలనీలోనైనా దొరికే సరుకుతో, ఇంట్లో చట్నీ రుబ్బుకునే మిక్సీతోనే చేసుకోవచ్చు. వేలకు వేలు పోసి బ్లెండర్ కొనక్కర్లేదు.

గ్లాసుకు ఎంత పసుపు?

పావు చెంచా (చెంచా అంటే టీ స్పూన్). ఎందుకంతే అన్నది కాస్త వివరంగా చెప్పుకోవాలి. పసుపు గురించి ఫోన్లలో తిరిగే మాటలు చాలావరకు ఇక్కడే పక్కదారి పడతాయి.

పసుపుకు ఆ రంగునిచ్చేది కర్‌క్యుమిన్. మామూలు పసుపు పొడిలో అది సుమారు 3 శాతం. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైగా కడుపులోకి వెళ్లినా రక్తంలోకి చేరేది బహు కొద్ది. పసుపులో మిరియాలు కలపాలని ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకుంటోంది కదా, ఆ మాటకు ఆధారమైన పరిశోధన జరిగింది బెంగళూరులోనే. 1998లో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ఫార్మకాలజీ విభాగంలో ఆరోగ్యంగా ఉన్న కొందరికి 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చి చూశారు. ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తంలో దాని జాడ దాదాపు లేదు. మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు జోడించి ఇస్తే, ఒంటికి అందింది 20 రెట్లు పెరిగింది.

20 రెట్లు అనగానే ఎగిరి గంతేయకండి. వాళ్లు ఇచ్చింది పసుపు కాదు, అందులోంచి తీసిన కర్‌క్యుమిన్. 2 గ్రాముల కర్‌క్యుమిన్ పసుపు పొడి రూపంలో కావాలంటే 65 గ్రాములకు పైనే మింగాలి. మనం గ్లాసులో వేసే పావు చెంచా బరువు ముప్పావు గ్రాము, అందులో కర్‌క్యుమిన్ సుమారు 20 మిల్లీగ్రాములు. అంచేత మిరియాలు వేయండి, కొబ్బరి వేయండి. అవి రుచికీ పనికొస్తాయి, ఉన్న కొద్దిపాటి కర్‌క్యుమిన్ ఒంటికి అందడానికీ పనికొస్తాయి. కానీ ఈ గ్లాసుతో మోకాళ్ల నొప్పులు పోతాయనో, షుగర్ దిగుతుందనో ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఇది టిఫిన్, మందు కాదు. ఎక్కువైతే ఏమవుతుందన్న భయం ఉన్నవాళ్లకు ఒక లెక్క: ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం కర్‌క్యుమిన్‌కు పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180. కూరలో పసుపు, స్మూతీలో పసుపు కలిపినా మనం ఆ దరిదాపులకు పోం.

పసుపు ఎక్కడిది, ఎలాంటిది

ఊరి నుంచి తెచ్చుకున్న పసుపు ఉంటే అదే వాడండి. దుగ్గిరాల, నిజామాబాద్ యార్డుల వైపు చుట్టాలున్నవాళ్లకు ఈ బాధే లేదు. కొమ్ములు తెచ్చుకుని, ఎండబెట్టి, మరలో ఆడించుకుంటే ఏడాదికి సరిపోతుంది. ఆ వీలు లేకపోతే బెంగళూరులో ఈరోడ్ కొమ్ములు బాగానే దొరుకుతాయి. కె.ఆర్. మార్కెట్ చుట్టుపక్కల కిరాణా, మసాలా దినుసుల కొట్లలో అడిగి చూడండి. కొమ్మును విరిస్తే టక్కున విరగాలి, లోపల ముదురు నారింజ రంగు కనబడాలి. పైపై మెరుపుకు మోసపోకండి. పాలిష్ పట్టేటప్పుడు కొమ్ములకు రంగు రావడానికి లెడ్ క్రోమేట్ పూసే దుర్మార్గం కొన్నిచోట్ల జరిగింది. అందులో ఉండేది సీసం. పిల్లల మెదడుకు చేటు. పైకి కాస్త మసకగా, దుమ్ము రంగులో ఉన్న కొమ్మే నయం.

పొడి కొంటే ఇంట్లో చిన్న పరీక్ష చేయొచ్చు. గాజుగ్లాసులో నీళ్లు పోసి, కదపకుండా ఒక చెంచా పసుపు పైన వేయండి. మంచి పసుపు మెల్లగా అడుగుకు దిగుతుంది, నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. దిగుతూ దిగుతూ నీళ్లను గాఢమైన పసుపు రంగుకు తిప్పేస్తే కృత్రిమ రంగు కలిసిందని అనుమానించాలి. అయితే ఈ పరీక్షలో సీసం బయటపడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, దానికి ల్యాబే దిక్కు. విడిగా దొరికే పొడికన్నా ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరున్న ప్యాకెట్టు, దానికన్నా మీరే ఆడించుకున్న కొమ్ము మేలు.

పూజ సామాను కొట్లో దొరికే పసుపు, ఒంటికి రాసుకునే కస్తూరి పసుపు వంటకు కావు. ఆర్గానిక్ దుకాణాల్లో కనబడే మేఘాలయ లకడాంగ్ పసుపులో కర్‌క్యుమిన్ మామూలు దానికి రెట్టింపుకు పైనే, ధర కూడా అలాగే. చేదు కూడా. అది వాడితే కొలత సగానికి తగ్గించండి.

సంక్రాంతి ముందు బెంగళూరు మార్కెట్లకు ఆకులతో సహా పచ్చి పసుపు మొక్కలు వస్తాయి. ఆ వేళ్లకున్న కొమ్ములు కడిగి చెక్కు తీసి వాడుకోవచ్చు. ఎండు పసుపుకు లేని ఒక తాజా వాసన, కాస్త మామిడల్లం, కాస్త క్యారెట్ కలిసినట్టుగా, దీనికి ఉంటుంది. ఇద్దరికి అంగుళం ముక్క చాలు. సన్నగా తరిగి, చెంచా కొబ్బరినూనెలో నిమిషం వేయించి వేసుకోండి. చేతులకు కొబ్బరినూనె రాసుకుని మొదలుపెట్టండి, లేకపోతే రెండు రోజులు గోళ్లు పచ్చగానే ఉంటాయి.

పసుపు ముద్ద

ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లకండి.

చిన్న మూకుడులో నాలుగు టేబుల్ స్పూన్ల పసుపు, అర కప్పు నీళ్లు వేసి, స్టవ్ వెలిగించకముందే ఉండలు లేకుండా కలపండి. వేడి నీళ్లలో పసుపు వేస్తే ఉండలు కడుతుంది, తర్వాత ఎంత తిప్పినా విడిపోదు. మంట సన్నగా పెట్టి గరిటెతో తిప్పుతూ ఉండాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. ఆ తర్వాత అంచుల్లో చిన్న చిన్న బుడగలు లేస్తాయి, నిమ్మపండు రంగులో ఉన్నది ముదిరి గోరోజనం రంగుకు వస్తుంది. పచ్చివాసన పోయి, ఉడికిన దుంప వాసన మొదలవుతుంది. గరిటెతో గీత గీస్తే మూకుడు అడుగు కనబడి, ఆ గీత వెంటనే మూసుకోకుండా ఒక క్షణం ఆగాలి. ఏడెనిమిది నిమిషాల్లో ఈ పాకానికి వస్తుంది. మధ్యలో మరీ గట్టిపడితే రెండు చెంచాల నీళ్లు చిలకరించండి. చిట్లి మీద పడితే చొక్కా ఆశ వదులుకోవాల్సిందే, పాత బట్టలు వేసుకుని చేయండి.

స్టవ్ ఆపాక రెండు టేబుల్ స్పూన్ల కొబ్బరినూనె, అప్పుడే దంచిన మిరియాల పొడి ఒక చెంచా వేసి కలపండి. నూనె మొదట విడిగా తేలుతుంది, తిప్పేకొద్దీ ముద్దలో కలిసిపోయి నిగనిగలాడుతుంది. గానుగ కొబ్బరినూనె అయితే వాసన బాగుంటుంది. నువ్వులనూనె కూడా పనికొస్తుంది, కాకపోతే స్మూతీకి పులిహోర ఛాయ వస్తుంది. కొందరికి అది ఇష్టం.

చల్లారాక గాజు సీసాలోకి తీయండి. తడి చెంచా పెట్టకపోతే ఫ్రిజ్‌లో పది రోజులు ఉంటుంది. ఇంకా ఎక్కువ కాలం కావాలంటే ఐస్ ట్రేలో గడికో చెంచా చొప్పున పెట్టి గడ్డకట్టించండి. ఆ ట్రే ఇక జన్మలో తెల్లబడదు, దాన్ని దీనికే కేటాయించేయండి. ఒక చెంచా ముద్దలో అర చెంచాకు కాస్త తక్కువ పసుపు పొడి ఉంటుంది, కాబట్టి రెండు గ్లాసులకు ఒక చెంచా ముద్ద సరి.

కూరగాయలు ముందు, పండ్లు తర్వాత

స్మూతీ అనగానే పండ్ల బుట్ట ముందేసుకుంటాం. రెండు అరటిపండ్లు, ఒక మామిడిపండు, పది ఖర్జూరాలు. అది చక్కెర నీళ్లకు చుట్టం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు పండ్లు 100 గ్రాములని ఉంది, కూరగాయలు దానికి నాలుగింతలు. ఆ లెక్క మనసులో పెట్టుకుని గ్లాసుకు పండు 100 గ్రాములు దాటకుండా, కూరగాయ దాదాపు అంతే ఉండేలా చూడండి. తీపి చాలలేదనిపిస్తే అరటిపండు బాగా మగ్గలేదని అర్థం.

ఇద్దరికి కావలసినవి: మధ్యరకం క్యారెట్ ఒకటి, అరచేతి వెడల్పు తీపి గుమ్మడి ముక్క, బాగా మగ్గిన ఏలక్కి (చిన్న రకం) అరటిపండ్లు రెండు, బొప్పాయి ముక్కలు ముప్పావు కప్పు, పచ్చికొబ్బరి తురుము మూడు టేబుల్ స్పూన్లు, పుట్నాలపప్పు రెండు టేబుల్ స్పూన్లు, అర అంగుళం అల్లం, పసుపు ముద్ద ఒక చెంచా, అర నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు, గ్లాసుడు చల్లటి నీళ్లు.

క్యారెట్ ఊటీదైతే రంగు నిండుగా వస్తుంది. మాలూరు, కోలారు వైపు నుంచి వచ్చే క్యారెట్ కూడా బాగుంటుంది, రంగు కొంచెం లేత. హాప్‌కామ్స్ దుకాణాల్లో ఈ రెండూ, ఏలక్కి అరటిపండ్లు, బొప్పాయి ఒకేచోట దొరుకుతాయి. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైన ఈ హాప్‌కామ్స్ పచ్చటి బడ్డీలు బెంగళూరులో చాలా పాత కాలనీల్లో ఉన్నాయి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది, కన్నడ రానివాళ్లు కూడా బేరం గొడవ లేకుండా కొనుక్కోవచ్చు. గుమ్మడి అడిగేటప్పుడు తీపిదని చెప్పండి, లేకపోతే బూడిద గుమ్మడి కోసి ఇస్తారు.

పుట్నాలు ఎందుకని అడగొచ్చు. పాలు లేని స్మూతీ పలచగా, ఖాళీగా అనిపిస్తుంది, గంటకే ఆకలేస్తుంది. రెండు టేబుల్ స్పూన్ల పుట్నాలు చిక్కదనం తెస్తాయి, కాస్త ప్రొటీన్ ఇస్తాయి, పసుపు చేదును కూడా మింగేస్తాయి. విదేశీ వంటల పుస్తకాల్లో ఇదే పనికి ఓట్స్ వేస్తారు. పుట్నాలు మెత్తగా నలుగుతాయి, జిగురు రాదు. రాత్రి నానబెట్టిన వేరుశనగపప్పు కూడా వేసుకోవచ్చు.

క్యారెట్, గుమ్మడి పచ్చివి వేయకండి. మామూలు మిక్సీ బ్లేడుకు పచ్చి క్యారెట్ పూర్తిగా నలగదు, గుటకకో పలుకు పంటికి తగులుతుంది. పొద్దున్నే ఇడ్లీలు పెట్టేటప్పుడు పై రేకులో క్యారెట్ చక్రాలు, గుమ్మడి ముక్కలు పెట్టేయండి. ఇడ్లీతోపాటే ఉడికిపోతాయి. ఉడికిన క్యారెట్‌లోని బీటా కెరోటిన్ పచ్చిదానికన్నా బాగా ఒంటబడుతుంది, దానికీ కొవ్వు కావాలి, అది కొబ్బరిలో ఉంది. ఉడికినవి చల్లారాకే మిక్సీలో వేయాలన్నది మరవకండి. వేడివి మూత బిగించి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది, గోడలన్నీ పసుపు.

కొన్ని కూరగాయలు ఈ స్మూతీకి నప్పవు. బీట్‌రూట్ వేస్తే పసుపు కనబడకుండా పోయి మడ్డి ఎరుపు మిగులుతుంది. పాలకూర వేస్తే రంగు చెరువు నీళ్ల పాలవుతుంది. పైగా పాలకూరలోనూ పసుపులోనూ ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు ఆ జోడీ మంచిది కాదు. సొరకాయ, కీర వేయాలనుకుంటే ముందు చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారేయండి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. పసుపు, అల్లం, నిమ్మరసం పడ్డాక ఆ చేదు కాయదో పసుపుదో తెలియదు. అందుకే కోసినప్పుడే రుచి చూడాలి.

మిక్సీలో వేసే వరుస

అన్నీ ఒకేసారి కుక్కి తిప్పితే అరటిపండు జిగురు తేలి, కొబ్బరి నలగకుండా మిగులుతుంది. గట్టివి ముందు, మెత్తనివి చివర.

ముందు చట్నీ జార్‌లో పుట్నాలు ఒక్కటే వేసి పొడి కొట్టండి. అందులోనే కొబ్బరి, అల్లం, పసుపు ముద్ద, ఉప్పు వేసి, రెండు మూడు చెంచాల నీళ్లతో మెత్తగా రుబ్బండి. వేళ్ల మధ్య నలిపి చూస్తే గరుకు తగలకూడదు. స్మూతీ నునుపంతా ఇక్కడే తేలిపోతుంది, ఇక్కడ ఇంకో నిమిషం ఎక్కువ పెట్టండి. జార్ వేడెక్కితే ఆపి, గోడలకు అంటుకున్నది గరిటెతో కిందికి దింపి మళ్లీ తిప్పండి.

ఆ ముద్దను పెద్ద జార్‌లోకి తీసి, ఉడికి చల్లారిన క్యారెట్, గుమ్మడి, సగం నీళ్లు పోసి తిప్పండి. తర్వాత బొప్పాయి. అన్నిటికన్నా చివర అరటిపండు ముక్కలు, మిగిలిన నీళ్లు. అరటిపండు పడ్డాక పది పదిహేను సెకన్లు చాలు, ఎక్కువ తిప్పితే నురగ కడుతుంది. జార్ మూడింట రెండు వంతులకు మించి నింపకండి. నిమ్మరసం మిక్సీ ఆపాక, గ్లాసులో పోసే ముందు పిండండి.

వడకట్టొద్దు. వడకడితే పిప్పితోపాటు పీచు పోయి మిగిలేది తీపి రసమే, కూరగాయలు వేసిన కష్టమంతా చెత్తబుట్టకు పోతుంది.

ఐస్ అవసరం లేదు. బెంగళూరు పొద్దుటి చలికి కుండలో నీళ్లే చాలు. ఏప్రిల్‌లో చల్లగా కావాలనిపిస్తే ముందురోజు రాత్రి అరటిపండు చక్రాలు కోసి, పళ్లెంలో ఒకదానికొకటి అంటకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. ఐస్ వేస్తే కరిగి రుచి పలచనవుతుంది, గడ్డకట్టిన పండు వేస్తే చిక్కదనం పెరుగుతుంది.

రుచి చూసి సరిచేసుకోవడం

ఒక గుటక తాగి చూడండి. చేదు ముందొస్తే నిమ్మరసం ఇంకొన్ని చుక్కలు, చిటికెడు ఉప్పు వేయండి. చాలామంది ఇక్కడే తీపి వేస్తారు, అది చేదును పూర్తిగా కప్పదు, పక్కన నిలబడుతుంది. ఉప్పు, పులుపు కలిసి చేదును వెనక్కి నెడతాయి. మట్టివాసన ఇంకా ఉంటే పసుపు ముద్ద సరిగా ఉడకలేదని తెలుసుకోండి, ఈసారికి అల్లం కొంచెం పెంచండి. మరీ చప్పగా ఉంటే నానబెట్టిన ఖర్జూరం ఒకటి. మిరియం ఘాటు గొంతు దిగాక తెలియాలి, ముక్కుకు ఎక్కకూడదు. చిక్కదనం సంగతి మీ ఇష్టం. నన్నడిగితే గ్లాసు వంచితే నెమ్మదిగా జారేలా ఉండాలి, గటగటా తాగేయకుండా కాస్త నమిలినట్టు తాగితేనే కడుపు నిండినట్టుంటుంది.

కాలాన్ని బట్టి

బొప్పాయి ఏడాది పొడవునా దొరుకుతుంది, అందుకే పైన దాన్ని చెప్పాను. మే, జూన్‌లో మాత్రం దాన్ని పక్కనబెట్టి మామిడిపండు వేయండి. బాదామి (అల్ఫాన్సో) రకం కన్నా రసపురి బాగుంటుంది, రసం ఎక్కువ, పులుపు ఓ మోస్తరు. బంగినపల్లి కోసం ప్రాణం పెట్టేవాళ్లు దాన్ని కోసుకుని తినడమే న్యాయం. మామిడిపండు వేసినప్పుడు అరటిపండు ఒకటి తగ్గించండి.

అనాసపండు పసుపుకు మంచి జోడు. దాని పులుపు చేదును మాయం చేస్తుంది. అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలో ప్రొటీన్లను విరగ్గొట్టి చేదు తెస్తుంది కనుక ఆవుపాలతో అనాస స్మూతీ నిలవ ఉంటే పాడవుతుంది. కొబ్బరితో ఆ బెడద ఉండదు. పాలు మానేసినందుకు దొరికిన లాభం.

అవకాడోను బెంగళూరు జ్యూస్ షాపుల్లో బటర్ ఫ్రూట్ అని రాస్తారు, కొడగు వైపు నుంచి వస్తుంది. అది దొరికిన రోజుల్లో కొబ్బరి బదులు సగం పండు గుజ్జు వేయండి. కొవ్వు దాంట్లోనే కావలసినంత ఉంది, నునుపు కూడా తెచ్చిపెడుతుంది. అప్పుడు రుబ్బే పని సగం తగ్గుతుంది. చలికాలంలో నిమ్మ బదులు ఒక ఉసిరికాయ గింజ తీసి వేస్తే బాగుంటుంది, కాకపోతే వగరు ఇష్టపడేవాళ్లకే.

పీజీలో, ఆఫీసు బస్సులో

మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండేవాళ్లకు మిక్సీ ఉండదు. చార్జింగ్ పెట్టుకునే గ్లాసు బ్లెండర్లు దొరుకుతున్నాయి. వాటికి పచ్చి క్యారెట్, ఎండు పుట్నాలు నలిపే శక్తి లేదు, మోటారు కాలిపోతుంది. పుట్నాల పొడి, కొబ్బరిపాలు ప్యాకెట్, ఊరి నుంచి తెచ్చుకున్న పసుపు ముద్ద, మెత్తని పండు ఉంటే వాటితోనూ పని నడుస్తుంది. క్యారెట్ బదులు మెస్‌లో ఉడికించిన కూరగాయ ముక్కలు నాలుగు ఉప్పూ కారం పడకముందే అడిగి తీసుకోవచ్చు, వంటవాళ్లతో స్నేహం ఉంటే.

చేసిన వెంటనే తాగడం మంచిది. ఆఫీసుకు తీసుకెళ్లాలంటే స్టీలు ఫ్లాస్కును రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచి, పొద్దున అంచు దాకా నింపండి. గాలి తక్కువుంటే రంగు తక్కువ మారుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు నిలబడిపోయినా ఖంగారు లేదు, చల్లటి ఫ్లాస్కులో రెండు మూడు గంటలు ఉంటుంది. తాగే ముందు బాగా కుదపండి, పసుపు, కొబ్బరి విడిపోయి ఉంటాయి. సాయంత్రానికి మిగిలితే పారబోయండి.

దీన్ని టిఫిన్‌తోపాటు కాకుండా టిఫిన్‌గానే లెక్కపెట్టండి. మరీ ఆకలైతే రెండు ఇడ్లీలు, ఎలాగూ క్యారెట్‌తోపాటు ఉడికాయి కదా. మసాలా దోశ తిని దాని మీద ఇది తాగితే ఉపయోగం ఏమిటో తాగినవాళ్లే చెప్పాలి.

ఎవరు జాగ్రత్తపడాలి

కూరలో వేసేంత పసుపు దాదాపు అందరికీ పడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, కిడ్నీ రాళ్ల చరిత్ర ఉన్నవాళ్లు రోజూ తాగే ముందు డాక్టర్‌ని అడగాలి. పైపరిన్ పసుపును ఒక్కదాన్నే కాదు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి కొన్ని మందులను కూడా రక్తంలో ఎక్కువ చేయగలదు. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు స్మూతీలో మిరియాలు చిటికెడు దాటనీయకండి. షుగర్ ఉన్నవాళ్లు అరటిపండు ఒకటికి తగ్గించి, ఖర్జూరం మానేసి, కీర వేసుకోవచ్చు. ఇక కర్‌క్యుమిన్ మాత్రలు వేరే సంగతి. పైపరిన్ కలిపిన ఆ మాత్రలు మింగి కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. స్మూతీ మంచిది కదాని మాత్రలకు ఎగబడకండి.

గిన్నెలు కడగడం

పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది, పసుపు సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే. ఖంగారుపడి ఇంకా ఇంకా రుద్దకండి, కడిగేకొద్దీ ఆ ఎరుపు పోతుంది. జార్ ఖాళీ అయిన వెంటనే నీళ్లు పోసి ఒక్కసారి తిప్పి పారబోయండి, ఆరిపోతే బ్లేడు కింద పట్టిన పసుపు వదలదు. మూతకుండే రబ్బరు రింగు ఊడదీసి విడిగా కడగండి, దాని గాడిలో కొబ్బరి ఇరుక్కుని మర్నాటికి వాసన పట్టేస్తుంది. ప్లాస్టిక్ మూత, తెల్ల చెంచాలు ఎంత తోమినా లేత పసుపు మిగిలితే కడిగి ఎండలో బోర్లించండి. కర్‌క్యుమిన్‌కు ఎండ పడదు. బాల్కనీలో రెండు పూటలు ఎండితే మరక చాలావరకు వెలిసిపోతుంది, మబ్బు పట్టిన జులైలో అయితే ఇంకో రెండు రోజులు పడుతుంది.